కోల్డ్ స్టోరేజీలో కోపం

మొదట్లో నా చేతిలో ఉన్నవి మూడు. గుంటూరులో నరసరావుపేట రోడ్డు మీద మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఒకటి. నిద్ర డాక్టరైన చెల్లెలు ఒకతె. పగలు ఎంత రేగినా తెల్లారేసరికి ఆరిపోయే కోపం. నా వ్యాపారాన్ని ఇన్నేళ్ళు నిలబెట్టింది ఈ మూడోది. అది పోయాక గాని దాని విలువ తెలియలేదు.

తెలియనివాళ్ళ కోసం మా బేరం సంగతి చెప్పాలి. యార్డులో కంప్యూటర్లు వచ్చినా గిడ్డంగి సరుకు దగ్గర మేమింకా పాత పద్ధతే. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియదు. తిట్లు మాత్రం బాగా వినిపిస్తాయి.

"ఇది మిరపకాయంటావా, తాలంటావా? తెల్లగా పాలిపోయి సున్నం కొట్టినట్టుంది!"

"నీ కళ్ళకు పొరలొచ్చినయ్. శంకర కంటాసుపత్రికి పోయి రా, అప్పుడు మాట్టాడదాం."

అక్కడి నుంచి తాతముత్తాతల దాకా పోతారు. మర్నాడు పొద్దున ఎవడు ముందొస్తే వాడు రెండోవాడికి టీ తెప్పిస్తాడు. నిన్న తప్పెవరిది అన్న మాటే రాదు. ముందొచ్చినవాడిది టీ, అంతే. తువ్వాలు కింద పలికిన ధరకు కాగితం ఉండదు. నిన్నటి కోపం ఇవాళ్టికి నిలవుంటే మాకు బేరమే లేదు.

మా చెల్లెలు కనకవల్లి బ్రాడీపేటలో నిద్ర వైద్యశాల తెరిచిన రోజు మా బంధువొకాయన ఆ బోర్డు కిందే నిలబడి, "నిద్రపట్టనోడికి రెండు బస్తాలు మోయమని చెప్పాలి గాని, దానికీ డాక్టరేనటండీ పాండురంగం గారూ" అని నాతోనే అన్నాడు. ఏడాది తిరక్కుండా ఆయనకే గురక మాస్కు పెట్టి పడుకోబెట్టింది. గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడని అందరూ అనుకుంటారు. గొంతు మూసుకుపోయి ఊపిరాగి, ఉలిక్కిపడి, మళ్ళీ మూసుకుపోయి, అలా తెల్లవార్లూ మెడ పట్టుకుని నొక్కినట్టే జరుగుతుందని ఆమె తీగలు అంటించి చూపించేదాకా మాకెవరికీ తెలియదు. కాళ్ళు పీకుతున్నాయని ఇల్లంతా తిరిగే ఒకావిడకు గాలి సోకిందని తాయెత్తు కట్టారు. వల్లి రక్తపరీక్ష చేయించి, ఒంట్లో ఇనుము లేదని తేల్చి, మందిచ్చి పంపింది. నిద్రమాత్రల మీద బతికే లెక్చరరు చేత మాత్రలు మెల్లగా మానిపించి, ఎప్పుడు పడుకున్నా సరే ఒకే వేళకు లేవమంది. మొదటి వారం ఆయన ఆమెను తిట్టాడు. తర్వాత మామిడిపళ్ళ బుట్ట పంపాడు.

మా సరుకు తోలే లారీ డ్రైవరు మస్తాన్‌ను నేనే తీసుకెళ్ళాను. మెడ ఎద్దుమూపురంలా ఉంటుంది. లారీ అప్పటికే రెండుసార్లు డివైడరు ఎక్కించాడు.

"స్టీరింగు మీద నిద్రపోతావంటగా?" అంది వల్లి.

"నేనెందుకు నిద్రపోతానండీ డాక్టరమ్మా! నేను మెలకువగానే ఉంటా. కళ్ళే వాటంతటవి పడుకుంటయ్."

మాస్కు పెట్టి చూస్తే, "ఏనుగు తొండం తగిలించినట్టుంది, దీంతో నేను రాయపూర్ దాకా ఎట్టా పోయేది?" అన్నాడు. లారీలో మాస్కు నడవదు. అలాంటివాళ్ళ కోసమే ఆమె కునుకు పట్టీ తయారుచేసింది.

నుదుటికి కట్టుకునే మెత్తటి పట్టీ అది. మెదడులో గాఢనిద్ర అలలు ఎలా లేస్తాయో ఆమె దగ్గర ఏళ్ళ తరబడి రికార్డులున్నాయి. పట్టీ చిన్న చిన్న అదుర్లతో ఆ అలల్ని పిలుస్తుంది. మనిషిని తిన్నగా అడుగుకు దించి, అక్కడే పట్టి ఉంచుతుంది. గురకవాళ్ళకు ఊపిరి ఎక్కువగా ఆగేది కలలొచ్చే నిద్రలో. పట్టీ ఆ నిద్ర జోలికే పోనివ్వదు. గంటన్నరలో రాత్రంతా పడుకున్నంత విశ్రాంతి. మొదటిసారి పరీక్షలో మస్తాన్ మధ్యాహ్నం పడుకుని లేచి, గోడ గడియారం చూసి, ఆగిపోయిందనుకుని దాన్ని వేలితో రెండుసార్లు తట్టాడు.

ఆ తట్టడం చూసి నేను పెట్టుబడి పెట్టాను.

ఇద్దరం భాగస్వాములం. వైద్యం ఆమెది, సంతకం నాది. పదిమందితో పరీక్ష చేయాలంది. యార్డుకు ఎండాకాలం సెలవులిస్తారు. హమాలీలూ, డ్రైవర్లూ, కమీషన్ వ్యాపారులూ ఖాళీగా దొరికేది అప్పుడే. నాదీ గురకే కనుక నేనూ కట్టుకున్నాను, మస్తానూ, అతని తమ్ముడు ఖాసిమూ కట్టుకున్నారు. వల్లి బీపీ చూసింది, షుగరు చూసింది, జ్ఞాపకశక్తి చూసింది, చేతులు వణుకుతున్నాయా అని చూసింది. మిరపకాయ కొనేవాడు బస్తాలో పైనా, మధ్యా, అడుగునా చెయ్యి పెట్టి మచ్చు తీస్తాడు. మేమూ అలాగే తీశాం. మూడుచోట్లా ఎరుపే వచ్చింది.

సెలవుల్లో యార్డులో వేలం ఉండదు. వేలం లేకపోతే మా మనుషులకు తగాదాలే ఉండవు. అందరూ పిల్లల్ని ఎత్తుకుని అత్తగారిళ్ళకు తిరుగుతుంటారు. ఆరని కోపం బయటపడాలంటే ముందు కోపం రావాలి కదా. యార్డు సంగతి వల్లికి తెలియదు, మెదడు సంగతి నాకు తెలియదు. సరుకు బాగుందని ఇద్దరం ఒప్పుకున్నాం.

హైదరాబాదు కంపెనీ ఒకటి తయారీకి ఒప్పందం చేసుకుంది. పంట వచ్చేనాటికి యార్డులో తలకు పట్టీ లేనివాడు లేడు. లారీలు ఆగకుండా తిరిగాయి. పగలంతా బేరాలు చేసి, చీకటి పడ్డాక కూడా సరుకు దించుకున్నాం. ఆ రాబడి నేను కాదనను.

మొదట ఆగిపోయింది టీ. ఎగుమతివాళ్ళ తరఫున కొనే ఉప్పల అప్పారావు ఒకనాడు తువ్వాలు కింద నా వేలు విరిచినంత పని చేసి, "నీ గిడ్డంగిలో ఎలుకలు కూడా పస్తులుంటయ్" అన్నాడు. మామూలు మాటే. మర్నాడు నాకంటే ముందొచ్చాడు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, టీ పంపలేదు. పంపకపోవడమే మేలనిపించింది నాకు. పంపితే గ్లాసు వాడి మొహాన కొట్టేవాణ్ణి. వారం గడిచినా ఎలుకల మాట చెవిలో అప్పుడే పడ్డట్టుంది. చూస్తే యార్డు మొత్తం అలాగే ఉంది. ఎవడి కుర్చీలో వాడు, ఎవడి మంట వాడిది.

ఆ తర్వాత మస్తాన్ తన తమ్ముడి చెయ్యి జాకీరాడ్డుతో విరగ్గొట్టాడు.

నేనూ వల్లీ పోలీసుస్టేషనుకు వెళ్ళాం. బెంచీ మీద నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. కేకలు లేవు, తాగుడు లేదు.

"ఏమన్నాడ్రా నిన్ను?" అన్నాను.

"తాడు సరిగా కట్టలేదన్నాడండి షావుకారుగారూ. లోడు మీద."

"ఎప్పుడు?"

"ఉగాదికి ముందండి."

"ఉగాదికి ముందన్న మాటకు ఇప్పుడా కొట్టేది!"

మస్తాన్ నా వంక జాలిగా చూశాడు. "మీకట్టా అనిపిస్తందండి. నాకు రోజూ పొద్దున లేవంగానే ఇప్పుడే అన్నట్టుంటది. రోజూ ఊరుకున్నా. పోనీలే నా తమ్ముడేగా అని రోజూ ఊరుకున్నా. ఇయ్యాళ ఊరుకోలేకపోయినా."

ఖాసింది కుడిచెయ్యి. ఎముకలు అతికించారు గాని గేరు పట్టే బలం తిరిగి రాదన్నారు. లారీ ఇద్దరిదీ, అప్పు ఇద్దరిదీ.

స్టేషను బయట వేపచెట్టు కింద వల్లి ఆగిపోయింది. "కలల నిద్ర," అంది.

"ఏంది?"

"పగలు తగిలిన మాటలన్నీ కలల నిద్రలో మళ్ళీ తిరుగుతాయి అన్నయ్యా. తిరిగి తిరిగి వాటి మంట తగ్గుతుంది. జరిగింది గుర్తుంటుంది, మంట ఉండదు. మన పట్టీ ఆ నిద్రనే తీసేసింది. ఊపిరి ఆగకుండా ఉండాలని నేనే తీసేశాను."

నాకు నా భాషలో వెంటనే అర్థమైంది. మిరపకాయ బయట ఉంటే వానలు దాటేసరికి ఎరుపు పాలిపోతుంది. అందుకే గదుల్లో చలి నింపి దాస్తాం, ఏడాది తర్వాత తీసినా కోసిననాటి రంగు. మేము మనుషుల తలలకు కోల్డ్ స్టోరేజీ కట్టాం.

"ఆపెయ్యాలి. అన్నీ వెనక్కి తెప్పించాలి. నువ్వు సంతకం పెట్టు," అంది.

పెడతానన్నాను. పెట్టేలోపు కంపెనీ మనిషి దిగాడు. పేరు కౌశిక్. పల్చటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మాటకు ముందు చిరునవ్వు. వల్లి వైద్యశాలలోనే ఇద్దరినీ కూర్చోబెట్టి, కోపం ఆరని సంగతి తమకెప్పుడో తెలుసన్నాడు. తమ కార్మికుల మీద తాము చేయించిన పరీక్షల్లో ఇది పంట రాకముందే బయటపడిందట. మాకు చెప్పలేదు. అప్పటికి ఖాసిం చెయ్యి బాగానే ఉంది.

"ఇందులో భయపడాల్సింది ఏం లేదు సార్. దీనికి గిరాకీ ఇంకా పెరిగింది. ఎన్నికలు వస్తున్నాయి కదా. ఒక పార్టీవాళ్ళు కార్యకర్తలందరికీ కావాలంటున్నారు. కార్యకర్తకు కోపం తెప్పించడం సులువే సార్, పోలింగు దాకా నిలబెట్టడమే కష్టం. మీది నిలబెడుతుంది."

"లేచి బయటికి నడువు," అంది వల్లి.

"ఆగవే, పూర్తిగా చెప్పనీ," అన్నాను నేను.

నేను వినేది కొనడానికీ కాదు, అమ్మడానికీ కాదు. ఎదుటివాడి చేతిలో ఏముందో మొత్తం చూశాకే నా వేలు కదుపుతాను. నలభై ఏళ్ళుగా నా పద్ధతి అదే. ఆమెకు అది తెలియాలి, నా ఇంట్లో పెరిగిన పిల్ల. కాని తలుపు తీసి, రోగులూ వాళ్ళ బంధువులూ నిండి ఉన్న హాల్లోకి వచ్చి, అందరూ వినేలా అంది:

"నాన్న మిరపకాయలు ఎండబెట్టి అమ్మాడు. నువ్వు మనుషుల్ని ఎండబెట్టి అమ్ముతున్నావు. థూ!"

నేను లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున గిడ్డంగి గేటు తీసేసరికి వల్లి మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన టీ ఫ్లాస్కు. "నేనే ముందొచ్చా. టీ నాది," అని నవ్వింది. మామూలుగా పడుకుని, మామూలుగా ఆరిపోయి వచ్చింది. నాకు మాత్రం ఆ 'థూ' అప్పుడే చెవిలో పడింది. గ్లాసు అందుకుని టీ నేల మీద పారబోశాను.

"పట్టీ తియ్యి అన్నయ్యా. ఒక్క వారం మామూలుగా పడుకో. తర్వాత తిడుదువుగాని."

"నీ మందులు నీ రోగులకు చెప్పుకో పో."

ఆమె రోజూ ఫ్లాస్కు తెచ్చింది. నేను రోజూ పారబోశాను.

కౌశిక్ మాత్రం నాకు తెగ దగ్గరయ్యాడు. వచ్చినప్పుడల్లా ఆ పార్టీ ఒప్పందం కాగితాలు బల్ల మీద పెట్టి, ముందు చెల్లెలి సంగతి ఎత్తేవాడు. "అందరి ముందు మిమ్మల్ని అంత మాట అనడం బాధ అనిపించింది సార్. మనుషుల్ని ఎండబెట్టి అమ్ముతున్నారని, పైగా థూ అని..." అంటూ ఆ మాటను పొల్లుపోకుండా ఒప్పజెప్పేవాడు. విన్నప్పుడల్లా నా చెయ్యి పెన్ను మీదకు పోయేది. సంతకం పెట్టేస్తే ఆమె బతుకంతా కుమిలిపోతుంది, కుమలనీ అనిపించేది. ఒకరోజు పెన్ను మూత కూడా తీశాను.

అప్పుడు అతను ఆ మాట మళ్ళీ అన్నాడు. ఒక్క విడతలోనే రెండోసారి.

కాయ మీద నీళ్ళు చల్లి బరువు పెంచేవాళ్ళను నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పొడి సరుకు తడుపుతారు, ఆరేలోపు మళ్ళీ తడుపుతారు. ఇతను చేసేదీ అదే. నా కోపం బస్తా, ఇతని చేతిలో చెంబు. చెల్లెలి మీద మంటతో నా చేత సంతకం పెట్టించి, ఊళ్ళకు ఊళ్ళను మస్తాన్‌లుగా చేద్దామని వచ్చాడు. ముందే తెలిసి ఖాసిం చెయ్యి విరగనిచ్చినవాడు, మా వల్లి పేరు ఎత్తి నన్ను ఓదారుస్తున్నాడు!

భుజం మీద తువ్వాలు తీసి, "చెయ్యి ఇలా ఇవ్వండి, ధర చెప్తాను" అన్నాను. ముచ్చటపడి ఇచ్చాడు. గుడ్డ కింద అతని అరచేతిలో నా పిడికిలి బిగించి పెట్టాను.

"దీనికి ఎంతండీ అర్థం?"

"సరుకు అమ్మకానికి లేదని."

చిరునవ్వు పోలేదు. "మీరు వ్యాపారస్తులు సార్. రేపు నిద్ర లేచాక మళ్ళీ మాట్లాడుకుందాం," అన్నాడు.

ఆ సాయంత్రమే పట్టీలు వెనక్కి తెప్పించే కాగితం మీద సంతకం పెట్టి వల్లికి పంపాను. అది అమలు కాకుండా కంపెనీ మధ్యవర్తి దగ్గర దావా వేసింది. హైదరాబాదులో వాయిదాల మీద వాయిదాలు. ప్రతి వాయిదాలో కొత్త రాజీ, పెద్ద మొత్తం, తియ్యటి మాట. కౌశిక్ నన్ను సరిగానే అంచనా వేశాడని ఒప్పుకోవాలి. రెండో రోజు రాజీపడకుండా నేను చేసిన బేరం జీవితంలో ఒక్కటి లేదు. మామూలుగా పడుకుంటే పది రోజుల్లో నా మంట ఆరుతుంది, పోనీలే అనిపిస్తుంది, తువ్వాలు మళ్ళీ పరుస్తాను. నన్ను నేను ఎరుగుదును.

అందుకని పట్టీ తియ్యలేదు. తీర్పు వచ్చేదాకా కంపెనీ మీద కోపం కోసిన రంగులోనే ఉండాలి. కాని గిడ్డంగిలో ఒక్క బస్తాకు వేరే చలి ఉండదు. కంపెనీ మీద కోపం నిలవుంటే చెల్లెలి మీదదీ నిలవుంటుంది. ఆ ఖరీదు తెలిసే చెల్లించాను.

ఒకరోజు నా భార్య సీతారత్నం గుమ్మంలోనే నిలదీసింది. "ఆ పిల్ల ఎండలో నిలబడింది. లోపలికి రమ్మంటే మీ సొమ్మేం పోయింది?"

"దాని మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పట్టీ తీస్తే చల్లారుతుంది. తీస్తే రాజీపడతాను. చాలా?"

ఆమె వెళ్ళి ఆ మాట వల్లికి చెప్పింది. కిటికీలోంచి నాకు వినిపించింది.

వల్లి కొంగుతో చెమట తుడుచుకుని, "అయితే ఉంచుకోమనండి వదినా," అంది. "డాక్టరుగా చెప్తున్నా. తీర్పు వచ్చేదాకా ఉంచుకోమనండి. బీపీ మాత్రం మీరు చూస్తుండండి." ఫ్లాస్కు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

అది విన్నాక కూడా నాకు ఆమె మీద మండింది. ఈ పట్టీ ఎంత దుర్మార్గమైందో తెలియాలంటే ఈ ఒక్క ముక్క చాలు. ఆమె మంచితనం చెవులారా వింటూనే, ఆ 'థూ' కోసం పళ్ళు కొరికాను.

మిరపకోతలు మళ్ళీ మొదలయ్యాక తీర్పు వచ్చింది. పట్టీలన్నీ వెనక్కి, హక్కులు మాకు. కౌశిక్ మధ్యవర్తి ఆఫీసు మెట్ల మీద నాతో చెయ్యి కలపబోయాడు. నా చేతులు వెనకే ఉన్నాయి.

తెల్లవారగానే బ్రాడీపేట వెళ్ళాను. వైద్యశాల ఇంకా తెరవలేదు. వల్లి తాళంచెవితో వచ్చేసరికి నేను మెట్టు మీద ఉన్నాను. పట్టీ ఆమె చేతిలో పెట్టి, "మంచం వెయ్యి" అన్నాను. తల మీద తీగలంటించింది. ఇన్నాళ్ళ బాకీ కలలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, కొన్ని రోజులు తిప్పలు తప్పవని హెచ్చరించింది.

పడ్డాయి. ఏడ్చాను, అరిచాను, మా నాన్న తువ్వాలు కింద నా వేళ్ళన్నీ లెక్కపెడుతూ నాకు కనిపించాడు. చిన్నప్పటి వల్లి ఎండబోసిన మిరపకాయల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తింది. అన్నీ కలగాపులగంగా వచ్చిపోయాయి. నాలుగో ఐదో రోజున మధ్యాహ్నం కళ్ళు తెరిస్తే ఆమె పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. 'థూ' అన్న మాట వెతికి చూశాను. ఉంది. పాతబడి, పాలిపోయి, తాలుకాయలా ఉంది.

"లేచావా? ఆ రోజు మెట్టు మీదికి ముందొచ్చింది నువ్వు," అంది. "టీ నీది. ఏడాది టీలు పారబోశావు, అవన్నీ నీవే."

లేచి, లుంగీ మీదే, వీధి చివర కొట్టుకు వెళ్ళి రెండు గ్లాసులు తెచ్చాను.

ఇక మిగిలింది చూసుకుందాం. పెట్టుబడి పోయింది, అది లెక్కలోకి రాదు. యార్డులో టీలు మళ్ళీ తిరుగుతున్నాయి. మొదటిది నేనే అప్పారావుకు పంపాను, వాడు చక్కెర తక్కువైందని తిట్టాడు. మస్తాన్ జైలు నుంచి వచ్చి తమ్ముడి కాళ్ళ మీద పడ్డాడు. ఇప్పుడు లోడు మీద ఖాసిం ఎడమచేత్తో తాడు వేస్తే, మస్తాన్ బిగిస్తాడు. సరిగా కట్టలేదని రోజూ ఒకరినొకరు తిట్టుకుంటారు. కుడిచెయ్యి మాత్రం రాలేదు. దానికి కంపెనీవాళ్ళెవరూ జవాబు చెప్పలేదు. కౌశిక్ వేరే కంపెనీలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. నిద్రపట్టనివాళ్ళకే ఏదో అమ్ముతున్నాడట.

చెల్లెలు తిరిగి నా చేతికి వచ్చింది. గురక మాస్కు పెట్టుకుని నిండా నిద్రపోతున్నాను, కలలూ వస్తున్నాయి.

ఒక్క సంగతి ఆమెను అడిగాను. "ఇన్నాళ్ళు పడుకున్నా ఆ కౌశిక్ మీద మంట చావలేదే. ఇంకేదైనా జబ్బా?"

వల్లి నా కళ్ళు విప్పి చూసింది, నాడి చూసింది, నవ్వలేదు. "జబ్బు కాదు అన్నయ్యా. అది పట్టీది కాదు, నీదే."

ఏ చలిగదిలోనూ పెట్టకుండా రంగు నిలిచిన సరుకు నా దగ్గర ఇదొక్కటే మిగిలింది. చాలామంది రాజీ కబుర్లతో వస్తుంటారు. తువ్వాలు కింద వాళ్ళ చేతికి నా పిడికిలి ఇస్తాను.